మసిచెవి

"చూశారా డాక్టరుగారూ, పిడికిళ్ళు ఎలా బిగించిందో! వాడితో కలబడిందండి ఆవిడ, సందేహం లేదు," అన్నాడు సి.ఐ. వరహాలరావు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

కాలిపోయిన మనిషిని చూసినవాళ్ళందరూ అనే మాటే అది. డాక్టర్ మందాకిని ఈ పోస్టుమార్టం బల్ల ముందు నిలబడి జుట్టు నెరిపించుకుంది. ఇన్నేళ్ళుగా అదే మాట వింటూ, అదే జవాబు చెబుతూ వస్తోంది.

"కలబడటం కాదండీ. వేడికి కండ కుంచించుకుపోతుంది. చేతులు వాటంతటవే ముడుచుకుని పైకి లేస్తాయి. నిద్రలో పోయినవాళ్ళకైనా ఇంతే."

"మరి తల మీద ఆ పగులో? రోకలిబండతో కొట్టినట్టు లేదూ?"

"దెబ్బ తగిలితే పుర్రె లోపలికి నొక్కుకుంటుంది. ఇది లోపలి ఆవిరికి బయటికి విచ్చుకుంది. ఇలా రండి, చూపిస్తాను."

వరహాలరావు రాలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఖాకీ వేసుకున్నా మనిషి మనిషే కదా.

చనిపోయినావిడ పేరు కనకమహాలక్ష్మి. ఆ గోదావరి ఒడ్డు ఊళ్ళో పరుపుల కనకమ్మగారంటే తెలియనివాళ్ళు లేరు. మేడ మీద రేకుల షెడ్డు వేయించి బూరుగుదూది పరుపులూ తలగడలూ కుట్టించేది. ఆదివారం పనివాళ్ళు లేని పూట ఆ షెడ్డులో వైర్లు కాలి దూదికి నిప్పంటుకుంది. కూతురు సింధూర పొరుగూరు పెళ్ళికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది ఆవిడా, ఇల్లరికం వచ్చిన అల్లుడు దినకరూ. ఆవిడ మేడ మీది ట్యాంకులోంచి బక్కెట్లతో నీళ్ళు తోడి మంట మీద పోస్తోంది. అల్లుడు కింద మోటారు స్విచ్చి దగ్గర ఉన్నాడు.

"ఎదురింటివాళ్ళు కళ్ళారా చూశారండి," అన్నాడు వరహాలరావు. "పైనించి ఆవిడ నీళ్ళు, నీళ్ళు అని అరుస్తోందంట. వీడేమో మోటారు కట్టేసి, ఆపైన మెయిన్ కూడా లాగేశాడు. ఎందుకు కట్టేశావురా అంటే ఏమంటాడో తెలుసాండీ? 'ట్యాంకు నిండిందని అత్తయ్యగారే చెప్పారు సార్. తడి చేతుల్తో ఉన్నారు, కరెంటు కొడుతుందేమోనని మెయిన్ తీసేశాను' అంటాడు. వెంటనే పైకి పరిగెత్తాడంట, అప్పటికే మెట్లు అంటుకున్నాయంట. కాలిపోతున్న మనిషి నీళ్ళు నిండాయని కబురు చెబుతుందాండీ? తల్లీ తండ్రీ లేకుండా హాస్టళ్ళలో పెరిగిన కుర్రాడు. మేడ ఆవిడ పేరున ఉంది. ఇంక కథేముంది!"

మందాకిని ఆవిడ గొంతు కోసి తెరిచింది. తనకి కావలసిన సంగతి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. చచ్చిపోయాక మంటల్లో పడినవాళ్ళకి మసి పెదాల దగ్గరే ఆగిపోతుంది. ఊపిరున్నవాళ్ళు దాన్ని లోపలికి పీలుస్తారు. కనకమహాలక్ష్మి గొంతులో స్వరతంత్రులు దాటి, శ్వాసనాళం పొడుగునా, నల్లటి మసి జిగురులో కలిసి అంటుకుని ఉంది. రక్తం చెర్రీపండు రంగులోకి తిరిగింది. పొగలోని విషవాయువు చేసే పని అది.

"బతికుండగానే పొగ పీల్చింది. పొగే చంపింది. మంట ఒంటి మీదికి వచ్చేసరికి ఆవిడకి స్పృహ లేదు," అంది మందాకిని. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు ఆమెకి ఎప్పుడూ కాస్త ఊరటగా ఉంటుంది.

"బాగుందండి. కానీ వాడు నిజం చెబుతున్నాడో అబద్ధం చెబుతున్నాడో మీ కత్తి చెప్పలేదు కదా."

"కత్తి చెప్పదు. మసి చెబుతుంది," అంటూ ఆమె ఆ స్వరపేటికని జాగ్రత్తగా చల్లని పెట్టెలో పెట్టింది.

*

ఆ యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది. ఆసుపత్రిలో మాత్రం అందరూ దాన్ని మసిచెవి అంటారు. తయారుచేసింది ప్రణీత. హైదరాబాదు పిల్ల, ఇంజనీరు, మాటలో సగం ఇంగ్లీషు. గొంతు లోపలి తడి మీద ప్రతి ఊపిరీ ఒక పల్చటి మసిపొర వదిలి వెళ్తుంది. మనిషి మాట్లాడితే ఆ అదురు పొర మీద గీత పడుతుంది. పాతకాలం గ్రామఫోను రికార్డు మీద పాట గీత పడినట్టే. మసిచెవి ఆ పొరల్ని పైనించి కిందికి ఒక్కొక్కటే గీకి, గీతల్ని చదివి, వెనక నించి ముందుకి పేర్చి వినిపిస్తుంది. చదివిన పొర ఇక ఉండదు. కనుక ఒక గొంతుకి రెండే అవకాశాలు, ఎడమ తంత్రి ఒకటి, కుడి తంత్రి ఒకటి.

ప్రయోగాల రోజుల్లో ఒక తండ్రికి కొడుకు ఆఖరి మాట వినిపించారు. ఆ పిల్లవాడు పొగలో పిలిచింది నాన్నని కాదు, అమ్మని కాదు, ఇంట్లో కుక్కపిల్లని. ఆ రోజు నించీ ఆ తండ్రి ఆ కుక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం లేదని తరవాత తెలిసింది. ఇంటివాళ్ళకి ఇంకెప్పుడూ వినిపించకూడదని మందాకిని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. కోర్టుకి వెళ్ళబోయే మొదటి సాక్ష్యం మాత్రం ఈ కనకమహాలక్ష్మిదే. ప్రణీతకి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఎడమ తంత్రి యంత్రంలో పెట్టబోతుండగా సింధూర వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మ గొంతు నాకు వినిపించకండి మేడమ్. నేను తట్టుకోలేను. ఒక్కటి చెప్పండి చాలు. మా ఆయన అబద్ధమాడుతున్నాడా?"

"నీకేమనిపిస్తోందమ్మా?"

"నాకా?" సింధూర చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఆయన చీమకి కూడా హాని తలపెట్టడు. కానీ వీధిలో అందరూ అంటుంటే, ఎదురింటి పిన్నిగారు ఒట్టేసి చెబుతుంటే, రాత్రి పడుకున్నాక నాకూ అనుమానం వస్తోంది. రావడమే నాకు భయంగా ఉంది."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ పిల్ల పరిస్థితి అలాగే ఉంది. భర్తని అనుమానిస్తే సంసారం పోతుంది. అనుమానించకపోతే తల్లికి ద్రోహం చేసినట్టుంటుంది.

"మీ అమ్మగారికీ అతనికీ పడేదా?"

"పడకపోవడమేంటి! ఇల్లరికం అల్లుడని లోకం చులకన చేస్తుందేమోనని మా అమ్మ ఇంకా ఎక్కువ చేసేది. ఏనాడూ 'నువ్వు' అనలేదు. 'అల్లుడుగారూ, అండీ' అనే పిలిచేది. ఇంట్లో ఫలానాది లేదన్న మాట ఆయన చెవిన పడనిచ్చేది కాదు. నేను వంటింట్లోంచి పంచదార లేదని అరిచానో, నెత్తిన మొట్టికాయ పడేది." సింధూర నవ్వబోయి ఏడ్చింది. "ఒక్క ట్యాంకు దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. నీళ్ళు పొర్లి కింద పరుపులు తడిస్తే, 'ట్యాంకు నిండిందని నేను అనగానే మోటారు కట్టేయాలండీ అల్లుడుగారూ' అని రోజూ చెప్పేది. ఆయన ఆ స్విచ్చి దగ్గర చెవి రిక్కించుకుని నిలబడేవాడు. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు."

ఇప్పుడు ఆ వీధే కనకమ్మగారంతటి ఇల్లాలు లేదంటోంది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు మరి. అల్లుడికి మాత్రం అప్పుడే ఉరి వేసేసింది.

సింధూరని బయటికి పంపి మందాకిని తలుపు వేసింది. మసిచెవి సన్నగా గీరడం మొదలుపెట్టింది. చాలాసేపు దగ్గే వినిపించింది. తరవాత తడిగుడ్డలోంచి పిలిచినట్టు ఒక ఆడగొంతు వచ్చింది. అందులో కోపం లేదు, ప్రాణభయం మాత్రం ఉంది.

"అల్లుడుగారూ... నీళ్ళు నిం—"

దగ్గు. గీతలన్నీ చెదిరిపోయాయి. మళ్ళీ కొసమాట.

"—న్నాయండీ..."

ఆ తరవాత ఊపిరే గాని మాటలేదు. ఆ ఊపిరీ పొర పొరకీ పల్చబడింది.

ప్రణీత తెర మీదికి వంగింది. చెదిరిన చోట ఏ మాట ఉండాలో యంత్రమే ఊహించి నింపుతుంది. వేలమంది మాట్లాడిన తెలుగు దానికి ముందే నేర్పి పెట్టారు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. నీళ్ళు నిండి ఉన్నాయండీ.

"మేడమ్!" ప్రణీత చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "నిండి ఉన్నాయి అనే చెప్పారు! అతను చెప్పింది ట్రూ మేడమ్!"

మందాకిని గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఎక్కడో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. మంటల మధ్యనున్న మనిషి అంత తీరిగ్గా చెబుతుందా అని. ఆవిడ రోజూ చెప్పే మాటే కదా, నోటికి అలవాటైంది వచ్చిందేమోలే అని సర్దిచెప్పుకుంది. వరహాలరావుకి ఫోను చేసి చెప్పింది. అతను, "మీరు చెప్పారంటే అంతేనండి. రేప్పొద్దున రాతపూర్వకంగా ఇచ్చేయండి, వదిలేస్తాను," అన్నాడు. వరండాలో ఉన్న సింధూరకీ చెప్పింది. సింధూర మందాకిని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి ఇంగువ వాసన రావలసింది, రాలేదు. మందాకిని తల్లి రాజ్యలక్ష్మమ్మ పొయ్యి ముందు స్టూలు మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. ఆవిడకి వయసు మీద పడినా వంటింటి పెత్తనం ఎవరికీ ఇవ్వదు. కూతురు రోజంతా శవాలు కోసి వస్తుందని, స్నానం చేస్తేగాని గడప తొక్కనివ్వదు.

స్నానం చేసి వచ్చి మందాకిని కంచం పెట్టుకుంది. మనసు తేలిగ్గా ఉంది. "ఇవాళ ఒక కుర్రాణ్ణి జైలు తప్పించానమ్మా," అంది.

"మంచి పనే. చారుతో సరిపెట్టుకో మరి. కందిపప్పు నిండుకుంది. రేపు వచ్చేటప్పుడు తీసుకురా."

"సరే," అని అన్నం కలపబోయి మందాకిని ఆగిపోయింది.

"ఏమన్నావమ్మా?"

"కందిపప్పు నిండుకుందన్నాను. వినబడటం లేదా ఏంటి?"

నిండుకుంది. ఆ మాట పుట్టినప్పటి నించీ వింటోంది. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. లేదన్న మాట వంటింట్లో పలికితే లక్ష్మి వింటుందట. చిన్నప్పుడు తనకి నేర్పింది ఈ తల్లే. ఉద్యోగం, ఊళ్ళు, ఉరుకులు, ఆ మాట ఎప్పుడు తన నోటి నించి జారిపోయిందో తనకే తెలీదు. తన ఫోనులో 'పప్పు అయిపోయింది' అని ఉంటుంది. యంత్రానికి నేర్పిన వేలమంది నోళ్ళలోనూ అదే ఉండి ఉంటుంది.

నీళ్ళు నిం, దగ్గు, న్నాయండీ.

"అమ్మా," అంది. "ఇల్లు తగలబడుతోందనుకో. నీళ్ళు అయిపోయాయి. నువ్వేమని అరుస్తావు?"

"అవేం మాటలే దీపాలవేళ!" రాజ్యలక్ష్మమ్మ కసిరింది. కూతురి మొహం చూసి మెత్తబడింది. "ఏమో! నీళ్ళు నిండుకున్నాయనే అంటానేమో. పీకల మీదికి వచ్చినప్పుడు కొత్తమాట ఎక్కడ వెతుక్కుంటామే? నోట్లో ఉన్నదే వస్తుంది."

మందాకిని కంచం ముందు అలాగే కూర్చుంది. ఆవిడ నీళ్ళు అయిపోయాయని అరిచింది. కింద చెవి రిక్కించుకుని నిలబడ్డవాడు మోటారు కట్టేశాడు. తెలిసి కట్టేశాడా? తెలియక కట్టేశాడా? తెలిసే అయితే హంతకుడికి తను తలుపు తీస్తోంది. తెలియకే అయితే, ఆ సంగతి ఆ కుర్రాడికి ఎప్పటికీ తెలియకపోవడమే మేలు. ఊరుకుంటే పోదా అనిపించింది. ఇంకో తంత్రి ఉందని తనకీ ప్రణీతకీ తప్ప ఎవరికి తెలుసు? పెట్టెలో పాడైపోయిందంటే అడిగేవాడు లేడు.

అలా అనుకున్నందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. అడకత్తెరలో పోకచెక్కలా ఎటు కదిలినా నలిగేలాగే ఉంది.

*

పొద్దున ప్రణీత ఆ మాట విని తెల్లబోయింది.

"నిండుకోవడం అంటే అయిపోవడమా? అదేంటి మేడమ్? అది రివర్స్ కదా! నిండటం అంటే ఫుల్ అని కదా!"

"మీ ఇంట్లో అనరా?"

"మా మమ్మీ ఎప్పుడూ అనలేదు." ప్రణీత కుర్చీలో కూలబడింది. "ఇప్పుడు మళ్ళీ చదివి అది వచ్చిందనుకోండి, మొదటి కేసులోనే నా మిషన్ తప్పు చెప్పిందని తేలుతుంది. ఇంకెవరైనా నమ్ముతారా? ప్లీజ్ మేడమ్. అతను ఎలాగూ ఇన్నోసెంటే అనుకుంటున్నాం కదా."

"అనుకోవడానికి మనమెందుకమ్మా? అనుకోవడానికి వీధి ఉంది," అంది మందాకిని. తను రాత్రి అనుకున్నదీ ఇదే కనుక ఆ పిల్లని కోప్పడలేకపోయింది. "మొదటిసారి తప్పు చదివిందని మనమే చెబితే నమ్ముతారు. ఇంకెవరో పట్టుకుంటే నమ్మరు. కుడి తంత్రి పెట్టు."

ప్రణీత పెట్టె మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించింది. యంత్రం ఊహించి నింపే ఏర్పాటు తీసేసి, ఉన్నది ఉన్నట్టు వినిపించమంది మందాకిని. గీరుడు మొదలైంది. మళ్ళీ దగ్గు, మళ్ళీ తడిగుడ్డలోని గొంతు. పొగ కుడివైపు అంత పట్టలేదు కాబోలు, ఈసారి గీత చెదరలేదు.

"అల్లుడుగారూ, నీళ్ళు నిండుకున్నాయండీ!"

అయిపోయిందనుకుంటుండగా పై పొరల్లోంచి ఇంకో ముక్క వచ్చింది. ఎడమ వైపు అది దగ్గులో కొట్టుకుపోయి ఉంటుంది.

"పైకి రాకండి... మీరు పైకి రాకండీ..."

ప్రణీత రెండు చేతులతో మొహం కప్పుకుంది. మందాకిని బల్ల అంచు పట్టుకుంది. పొగలో ఊపిరాడకపోయినా 'అండీ' మానలేదు ఆవిడ.

వరహాలరావు వచ్చి విన్నాడు. అతను అమలాపురం దగ్గర పల్లెలో పుట్టి పెరిగినవాడు. ఆ మాట అతనికి విప్పి చెప్పనక్కరలేకపోయింది.

"ఇంకేం! నీళ్ళు లేవు మొర్రో అంటుంటే మోటారు కట్టేశాడన్నమాట. నేను ముందే చెప్పలేదాండీ?"

"అతనికి ఆ మాట తెలియదేమో."

"తెలుగువాడికి నిండుకోవడం తెలియదాండీ?"

"మా ప్రణీతకి తెలియదు. యంత్రానికీ తెలియదు."

వరహాలరావు ప్రణీత వైపు చూశాడు. ఆ పిల్ల తలవంచుకుంది. అతను మీసం నిమురుకున్నాడు. "సరే, వాణ్ణి అడుగుదాం. 'తెలీదు సార్' అంటాడు. ఉరికంబం కనబడితే ఎవడికైనా తెలిసింది తెలియకుండా పోతుంది. మరి దాన్ని ఎలా నమ్మమంటారు?"

"అడగద్దు," అంది మందాకిని. "అడగకుండా చూద్దాం."

ఆమె గదిలో కుళాయిలున్న స్టీలు డ్రమ్ములు రెండున్నాయి, మంచినీళ్ళకి. కిటికీ దగ్గర ఒకటి, తలుపు పక్కన ఒకటి. కిటికీ దగ్గరది ఖాళీ చేయించింది. తను చేయబోయేదేమిటో చెప్పాక వరహాలరావు ఒప్పుకున్నాడు, కానీ మొహంలో వెటకారం పోలేదు. ఎన్నో శవాల్ని నిబ్బరంగా కోసిన మందాకిని, రెండు నీళ్ళ డ్రమ్ముల మధ్య నిలబడి చెమటలు తుడుచుకుంది.

*

దినకర్ని తీసుకొచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అరచేతులకి కట్లున్నాయి. కాలుతున్న మెట్ల రెయిలింగు పట్టుకున్నప్పుడు కాలాయి. తనని వదిలేస్తారని రాత్రే విన్నాడు గాని, మొహంలో సంతోషం లేదు. గుమ్మంలో నిలబడి, "నమస్తే అండీ," అన్నాడు. ఎండలో జీపులో వచ్చాడేమో, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

అతని వెనకే సింధూర వచ్చింది. ఆమె వస్తుందని మందాకిని అనుకోలేదు. సింధూర ఆ మాట వింటూ పెరిగిన పిల్ల. నోరు తెరిచి ఒక్క ముక్క అన్నా అంతా చెడిపోతుంది. బయటికి పంపిస్తే అతనికి అనుమానం వస్తుంది. వరహాలరావు ఇక చెప్పండి అన్నట్టు కనుబొమలెగరేశాడు.

"కూర్చుందువుగాని బాబూ," అంది మందాకిని. "ముందు కాసిని మంచినీళ్ళు తాగు. రెండు డ్రమ్ములున్నాయి చూడు. ఆ కిటికీ దగ్గరది నిండుకుంది. గ్లాసు బల్ల మీద ఉంది."

సింధూర చటుక్కున తలెత్తింది. నోరు తెరిచింది. మందాకిని ఆమె కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. ఆ చూపులో ఏం కనబడిందో గాని సింధూర ఆగిపోయింది.

దినకర్ గ్లాసు తీసుకున్నాడు. తలుపు పక్కనున్న డ్రమ్ము అతనికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. దాన్ని దాటుకుని, గది అంతా నడిచి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కట్టుకట్టిన వేళ్ళతో కుళాయి తిప్పాడు. రాలేదు. ఇంకాస్త తిప్పాడు. వంగి చూశాడు. డ్రమ్ముని కొద్దిగా ముందుకి వంచాడు.

వరహాలరావు నెత్తి మీంచి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతని మొహంలో వెటకారం లేదు.

తేలిపోయింది, దేవుడా, అనుకుంది మందాకిని. ఇప్పుడు ఏదో ఒక మాట చెప్పి, సంతకాలు పెట్టించి, అతన్ని ఇంటికి పంపేయాలి. అంతకుమించి అతనికి ఏమీ తెలియనక్కరలేదు. ఆ ఒక్కటీ తన చేతిలో ఉందనుకుంది.

"ఇది ఖాళీగా ఉందండీ," అన్నాడు దినకర్ వెనక్కి తిరిగి, తనదే ఏదో తప్పైనట్టు. "మీరు నిండుగా ఉందన్నారు కదండీ."

"నేనే పొరబడ్డాను బాబూ. ఈ తలుపు దగ్గరది తాగు."

"పరవాలేదండీ." రెండడుగులు వేసి ఆగాడు. "లేదండీ. నిండుకుంది అన్నారు మీరు." గ్లాసు వంక చూశాడు. ఆ మాటని నోట్లోనే తిప్పుకున్నాడు. "మా అత్తయ్యగారు కూడా ఇలాగే... నిండాయి అని కాదు. నిండుకున్నాయండీ, అన్నారు. ఆ పొగలో నాకు సరిగ్గా..." అతను గదిలో అందరి మొహాలూ చూశాడు. ఎవరూ అతని కళ్ళలోకి చూడలేదు. చివరికి భార్య వైపు తిరిగాడు. "సింధూ, నిండుకుంది అంటే నిండిందనే కదా?"

తెలిసిన వాళ్ళంతా తెలియనట్టు నటించడానికి ఆ గదిలో చోటు లేదు. అతను తిప్పిన కుళాయి ఖాళీ డ్రమ్ముకి ఇంకా తెరిచే ఉంది.

సింధూర కదిలింది. నిన్నటిదాకా అనుమానంతో నలిగిన మొహం అది. ఇప్పుడు అందులో అనుమానం లేదు, దానికంటే బరువైనది ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ కుళాయి కట్టేసింది. భర్త చేతిలోంచి గ్లాసు తీసుకుంది. తలుపు దగ్గర డ్రమ్ములోంచి అంచు దాకా నీళ్ళు పట్టుకొచ్చి, అతని కట్లు తడవకుండా తనే పట్టుకుని నోటికి అందించింది.

"ముందు తాగు," అంది. "చెబుతాను. మా ఇంట్లో నీకు చెప్పని మాట అదొక్కటే. నీ ముందు ఎప్పుడూ అననిచ్చేది కాదు అమ్మ."